క్లాంప్ మీటరు ఎక్కడ పెట్టాలి?

అయిదు హెచ్‌పీ బోరు మోటారు, దాని స్టార్టరు పక్కన రెండు కేవీఏఆర్ (రియాక్టివ్ పవరును కొలిచే యూనిట్) కెపాసిటరు. మా అనంతపురం వైపు బోరున్న పొలాల్లో చాలామంది చూసిన జత ఇది. ఉచిత విద్యుత్ తీసుకునే రైతు పెట్టుకోవాల్సిన వాటిలో ఈ కెపాసిటరు కూడా ఉంది. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా పిల్లలకు పాఠాలు చెప్తాను. పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటులో నిజంగా పనికి వచ్చే పాలు) చాప్టరు అయిపోయాక ప్రతి బ్యాచ్‌నూ ఒక ప్రశ్న అడుగుతాను: కెపాసిటరు కలిపాక మోటారులోకి వెళ్లే కరెంటు పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా?

ఎక్కువమంది తగ్గుతుందనే అంటారు. అలా అన్నవాళ్లలో పవర్ ఫ్యాక్టర్ లెక్కలన్నీ సరిగ్గా చేసి మార్కులు తెచ్చుకున్నవాళ్లూ ఉంటారు. లెక్కలో కరెంటు తగ్గింది కదా, మరి మోటారులో తగ్గినట్టే అనుకుంటారు. ఆ తగ్గిన కరెంటు తీగలో ఏ చోటిదో లెక్క చెప్పదు, బోర్డు మీద నేను గీసే బొమ్మా చెప్పదు. ఫోన్లో నడిచే ఇంటరాక్టివ్ పాఠాలు తయారు చెయ్యడం నేను ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాను.

ఆ పాఠంలో తెర మీద ఎడమవైపు ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది, కుడివైపు మోటారు, మధ్యలో లైను. మోటారుకు దగ్గరగా కెపాసిటరు స్విచ్చు. పైన ఒక క్లాంప్ మీటరు, అంటే తీగ చుట్టూ తగిలిస్తే అందులో పోయే కరెంటు చూపించే మీటరు, వేలాడుతూ ఉంటుంది. దాన్ని వేలితో లాగి తీగ మీద ఎక్కడైనా తగిలించవచ్చు. కానీ ముందు జవాబు ఎంచుకోవాలి. అప్పటిదాకా మీటరు కదలదు. స్విచ్చు వెయ్యకముందు ఎక్కడ పెట్టినా 8.6 ఆంపియర్లే చూపిస్తుంది. స్విచ్చు వేశాక లైనులో పెడితే 7.1కి పడిపోతుంది. తగ్గుతుందన్నవాళ్లు అక్కడ సంబరపడతారు. అదే మీటరును కెపాసిటరు దాటించి మోటారు వైపు తగిలిస్తే మళ్లీ 8.6.

ఆ రెండో అంకె చూశాక పిల్లలు మీటరును అటూ ఇటూ లాగుతూ ఉండిపోతారు. మోటారుకు కావలసిన రియాక్టివ్ పవరు, అంటే పనిగా మారకుండా అయస్కాంత క్షేత్రం కోసం వచ్చిపోయే పవరు, మోటారు తీసుకుంటూనే ఉంది. ఇంతకుముందు అదంతా ట్రాన్స్‌ఫార్మరు దగ్గరనుంచి వచ్చేది, ఇప్పుడు అందులో సగం దాకా పక్కనే ఉన్న కెపాసిటరు ఇస్తోంది. ఈ మాట క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా తలలు ఊపుతారు. మీటరు లాగి చూసినవాళ్లు మాత్రం తమ మాటల్లో నాకు తిరిగి చెప్తారు.

లెక్క కూడా చెప్తాను. అయిదు హెచ్‌పీ అంటే 3.73 కిలోవాట్లు. ఎఫిషియన్సీ 80 శాతం అనుకుంటే మోటారు తీసుకునేది సుమారు 4.66 కిలోవాట్లు. పవర్ ఫ్యాక్టర్ 0.75, వోల్టేజి 415 అనుకుంటే లైను కరెంటు 8.6. రెండు కేవీఏఆర్ కలిపితే పవర్ ఫ్యాక్టర్ 0.91కి చేరుతుంది. లైనులో పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి దాదాపు మూడో వంతు తగ్గుతుంది. పాఠంలో ఆ నష్టాన్ని లైను రంగుతో చూపించాను. స్విచ్చు వెయ్యగానే మోటారు రంగు మారదు, లైను మాత్రం చల్లబడుతుంది.

కెపాసిటరు విలువ మార్చుకునే వీలు కూడా పెట్టాను. అయిదు కేవీఏఆర్ దాకా పోనిస్తే పవర్ ఫ్యాక్టర్ లీడింగ్‌లోకి వెళ్తుంది, అంటే మోటారుకు కావలసినదానికంటే ఎక్కువ రియాక్టివ్ పవరు కెపాసిటరు ఇచ్చి, మిగిలింది లైనులోకి పోతుంది. "పెద్దది పెడితే ఇంకా మంచిది కదా మేడం" అనే వాదన అక్కడితో ఆగుతుంది.

ఇంటరాక్టివ్ పాఠం అనగానే చాలామంది స్లైడర్లు గుర్తుచేసుకుంటారు. రెసిస్టెన్సుకు ఒకటి, వోల్టేజికి ఒకటి పెట్టి కింద గ్రాఫు గీస్తే పాఠం అయిపోయిందంటారు. నాకు ఆ పద్ధతి మీద నమ్మకం లేదు. స్లైడరు ఇస్తే పిల్లలు ఆ చివరినుంచి ఈ చివరికి లాగుతారు, గ్రాఫు కదులుతుంది, వాళ్లు చూస్తారు, పేజీ మూసేస్తారు. ఏమి చూడాలో తెలియని కంటికి కదిలే గీత గీతలాగే ఉంటుంది. ముందు "ఇలా జరుగుతుంది" అని వాళ్ల చేత ఒక మాట అనిపించాలి. ఆ మాట నిలబడిందా లేదా అన్న ఆత్రంతో తెర చూస్తే, ఒక్క అంకె మారినా పట్టుకుంటారు. అందుకే నా పాఠాలన్నింట్లో జవాబు ఎంచుకునేదాకా సర్క్యూట్ ఆన్ కాదు. దీనివల్ల విసుక్కునేవాళ్లు ఉన్నారు. అయినా ఆ నియమం తీసెయ్యను.

మరి ఆ జవాబులు ఎక్కడినుంచి తేవాలి? మల్టిపుల్ చాయిస్ ప్రశ్న రాసేటప్పుడు ఒప్పు ఒకటి, పక్కన తోచిన తప్పులు మూడు రాసేయడం మాకు అలవాటు. ఇక్కడ అది పనికిరాదు. పిల్లలు నిజంగా నమ్మే తప్పే అక్కడ ఉండాలి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లిలియన్ మెక్‌డెర్మాట్, పీటర్ షాఫర్ 1992లో ప్రచురించిన పరిశోధనలో, భౌతికశాస్త్రం చదివిన కాలేజీ విద్యార్థులు కూడా బల్బు కరెంటును కొంత ఖర్చు చేసేస్తుందని అనుకోవడం, బ్యాటరీ ఎప్పుడూ ఒకే కరెంటు ఇస్తుందని నమ్మడం వివరంగా రాశారు. మా క్లాసులోనూ అవే వింటాను. వాటితోపాటు మన ఊళ్లలో మాత్రమే పుట్టే నమ్మకాలు కూడా ఉంటాయి. అవి పరిశోధన పత్రాల్లో దొరకవు.

కెపాసిటరు పాఠం చూసిన ఒకమ్మాయి అడిగింది, "మేడం, కెపాసిటరు తీసేస్తే మోటారు ఆగిపోదా?" ఎందుకు ఆగుతుందమ్మా అంటే, "మా ఇంట్లో ఫ్యాను కండెన్సరు పోతే ఫ్యాను తిరగలేదు. కొత్తది వేశాకే తిరిగింది" అంది. అంత మంచి ప్రశ్న నేను కూర్చుని ఆలోచించినా రాయలేను. ఫ్యాను సింగిల్ ఫేజు మోటారు. దానికి తిరిగే అయస్కాంత క్షేత్రం రావాలంటే రెండో వైండింగులో కరెంటు కాస్త ముందుకు జరగాలి, ఆ పని కండెన్సరు, అంటే కెపాసిటరే, చేస్తుంది. మూడు ఫేజుల బోరు మోటారుకు తిరిగే క్షేత్రం మూడు ఫేజులతోనే వస్తుంది. బయట పెట్టిన కెపాసిటరుకు తిప్పడంతో సంబంధం లేదు. ఆకారం దాదాపు ఒకటే, పేరు ఒకటే, పని వేరు. ఆ అమ్మాయి ప్రశ్న ఇప్పుడు పాఠంలో రెండో మెట్టు. పక్కపక్కనే ఫ్యాను, బోరు మోటారు ఉంటాయి. రెండింటి కెపాసిటరూ తీసేయవచ్చు. తీసే ముందు ఏది ఆగుతుందో చెప్పాలి.

జవాబు తప్పయినప్పుడు ఎర్ర గుర్తు, బజరు శబ్దం లాంటివి పెట్టలేదు. వాళ్లు ఎంచుకున్న జవాబు నిజమైతే మీటరు ఎంత చూపించాలో ముందు వస్తుంది, తర్వాత అసలు రీడింగు దాని పక్కన వస్తుంది. ఆ తేడా ఎందుకు వచ్చిందో ఒక్క వాక్యం రాయమంటాను. "తెలీదు" అని రాసినా ముందుకు వెళ్లొచ్చు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం న్యూట్రల్ తెగిన పాఠం. ఊళ్లలో ఇది తరచూ వినే కథ. స్తంభం మీద న్యూట్రల్ తీగ ఊడిపోతుంది, ఒక వీధిలో బల్బులు గుడ్డిగా వెలుగుతాయి, ఇంకో వీధిలో టీవీలు కాలిపోతాయి. "హై వోల్టేజి వచ్చింది" అని అందరూ అనుకుంటారు. ట్రాన్స్‌ఫార్మరునుంచి వచ్చే వోల్టేజి మాత్రం ఏమీ మారలేదు. సిలబస్‌లో ఇది అన్‌బ్యాలెన్స్‌డ్ స్టార్ లోడ్ (మూడు ఫేజుల మీద సమానంగా లేని లోడు) పేరుతో ఉంటుంది. న్యూట్రల్ వోల్టేజి కట్టే మిల్‌మన్ సిద్ధాంతం, ఒక పెద్ద భిన్నం, కాంప్లెక్స్ నంబర్లు. పరీక్షలో లెక్క చేసిన పిల్లలు వాళ్ల వీధిలో జరిగింది ఇదేనని అనుకోరు.

తెర మీద మూడు ఇళ్లు పెట్టాను, ఒక్కో ఫేజు మీద ఒక్కో ఇల్లు. పక్కన ఫేజర్ బొమ్మ: మూడు ఫేజుల కొసలు కలిపిన త్రిభుజం, దాని నడిమధ్యలో న్యూట్రల్ చుక్క. లోడ్లన్నీ రెసిస్టెన్సులే అనుకుందాం. మొదటి ఇంట్లో వెయ్యి వాట్ల హీటరు, మిగతా రెండిళ్లలో నూరేసి వాట్ల బల్బులు. న్యూట్రల్ ఉన్నంతసేపూ అందరికీ 240. తెంచగానే చుక్క మధ్యలోంచి జరిగి హీటరున్న ఫేజు కొస వైపు పోతుంది. చుక్కనుంచి ఒక్కో కొసకు ఎంత దూరముందో ఆ ఇంటికి అంత వోల్టేజి. హీటరు ఇంటికి 60 మిగులుతుంది, బల్బులున్న రెండిళ్లకూ 365. త్రిభుజం అంగుళం కదలలేదు, లోపలి చుక్క ఒక్కటే జరిగింది. లోడు మార్చుతూ పోతే చుక్క త్రిభుజంలో తిరుగుతూనే ఉంటుంది.

ఇందులో నేనడిగే ప్రశ్న: ఏ ఇంటివాళ్లకు నష్టం, ఎక్కువ లోడున్నవాళ్లకా, తక్కువ లోడున్నవాళ్లకా? చాలామంది ఎక్కువ లోడున్న ఇల్లే కాలిపోతుందంటారు. తర్వాత ఇంకో ప్రశ్న: మూడిళ్లలో లోడు సరిసమానంగా ఉంటే? చుక్క నడిమధ్యలోనే ఉండిపోతుంది, తీగ తెగినట్టు ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రం ఒక ఇంట్లో హీటరు వేసేదాకా. ఈ మాట చెప్పగానే క్లాసులో ఎవరో ఒకరు తమ ఇంటి సంగతి చెప్పడం మొదలుపెడతారు. ఒకబ్బాయి "మా నాయన కరెంటోళ్లను తిట్టినాడు మేడం, టీవీ పోయిందని. న్యూట్రల్ ఊడిందని లైన్‌మన్ చెప్తే అర్థం కాలా" అన్నాడు. ఆ రాత్రి ఫోన్లో ఈ పాఠం చూపించి వాళ్ల నాన్నకు తనే వివరించాడట.

ఈ పాఠాన్ని ల్యాబ్‌లో చెయ్యలేం. 365 వోల్టులు పిల్లల చేతికి ఇవ్వలేం. తెర మీది పాఠానికి నా దృష్టిలో అసలైన చోటు ఇదే: లోపాలు, విరిగిపోవడాలు, కాలిపోవడాలు. ఓమ్ సూత్రానికి సిమ్యులేషన్ ఎందుకు, బ్యాటరీ, రెండు రెసిస్టర్లు, ఒక మల్టీమీటరు చేతికిస్తే సరిపోతుంది. చేతితో చేయగలిగినవి చేతితోనే చేయించాలి.

ఎర్తింగు పాఠం కూడా అలాంటిదే. ఇనుప బాడీ ఉన్న గ్రైండరు, లోపల ఫేజు తీగ బాడీకి తగిలింది, ఎర్తింగు ఉంది, 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే తనంతట తానే ఆఫ్ అయ్యే స్విచ్చు) ఉంది. ఏమవుతుంది? "ఎంసీబీ పడిపోతుంది" అని అందరూ ధైర్యంగా చెప్తారు. ఇంటి ఎర్త్ రాడ్డు దగ్గర ఎనిమిది ఓములు, మిగతా దారి మొత్తం రెండు ఓములు అనుకోండి. 230ని పదితో భాగిస్తే 23 ఆంపియర్లు. సీ టైప్ ఎంసీబీ వెంటనే పడాలంటే రేటింగుకు అయిదునుంచి పది రెట్లు కరెంటు కావాలి, అంటే కనీసం 80. రేటింగుకు 1.45 రెట్లు కరెంటు పోతే గంటలోపు పడాలని ప్రమాణం. 16కి అది 23.2. మనది 23. అంటే గంట దాటినా పడకపోవచ్చు. అంతసేపూ గ్రైండరు బాడీ మీద 184 వోల్టులు ఉంటాయి. పాఠంలో ఒక గడియారం పెట్టి నిమిషాలు వేగంగా తిప్పాను. పిల్లలు ఇప్పుడు పడుతుంది, ఇప్పుడు పడుతుంది అని చూస్తూ ఉంటారు. తర్వాత 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (భూమిలోకి లీకయ్యే కరెంటును పసిగట్టి ఆఫ్ అయ్యే స్విచ్చు) కలపమంటాను. అది వెంటనే పడుతుంది. ఎర్తింగు ఉంటే చాలు అన్న నమ్మకంతో వైరింగు పనికి వెళ్లే పిల్లలు వీళ్లు. వీళ్లకు ఈ ఒక్క పాఠం తప్పక చేరాలని నా కోరిక.

అయితే ఒక భయం కూడా ఉంది. తెర మీద షాకు కొట్టదు. పదిసార్లు ఫేజు ముట్టుకుని ఏమీ కాని చెయ్యి నిజం లైను దగ్గర తేలిగ్గా ముందుకు వెళ్తుందేమో. అందుకని నా పాఠాల్లో మనిషి బొమ్మ ఎక్కడా తీగ ముట్టుకోదు. ఏ కనెక్షను మార్చాలన్నా ముందు మెయిన్ తీయాలి, టెస్టరు పెట్టి సప్లై లేదని చూడాలి. అది చెయ్యకపోతే పాఠం కదలదు. ట్రాన్స్‌ఫార్మరు షార్ట్ సర్క్యూట్ టెస్టు పాఠంలో వేరియాక్ (వోల్టేజిని సున్నానుంచి మెల్లగా పెంచే పరికరం) సున్నాలో లేకుండా స్విచ్చు వేస్తే అమ్మీటరు ముల్లు చివరికి కొట్టుకుని ఫ్యూజు పోతుంది, టెస్టు మొదటినుంచి చెయ్యాలి. ఆ టెస్టుకు కావలసింది రేటెడ్ వోల్టేజిలో అయిదు, పది శాతమే కదా. ల్యాబ్‌కు వచ్చే ముందు రోజు ఈ పాఠం పూర్తి చేసి రమ్మంటాను. వచ్చాక వేరియాక్ వైపు వాళ్ల చూపు తానే పోతోంది.

తయారీ గురించి చాలామంది అడుగుతున్నారు కాబట్టి కాస్త రాస్తాను. ప్రతి పాఠం ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలు. బొమ్మలు ఎస్‌వీజీలో, లెక్క జావాస్క్రిప్టులో. ఒకసారి ఫోన్లోకి వస్తే నెట్ లేకపోయినా నడుస్తుంది. పిల్లలు ఒకరి ఫోన్లోంచి ఇంకొకరికి పంపుకుంటారు. లోపల సర్క్యూటు లెక్క కట్టే పద్ధతి మేం రెండో సంవత్సరంలో చెప్పే నోడల్ అనాలిసిసే, అంటే తీగలు కలిసే ఒక్కో చోట వోల్టేజి కట్టడం. 1973లో బర్కిలీలో పుట్టిన స్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేషన్ ప్రోగ్రాము కూడా దాని మీదే నిలబడింది. పరీక్ష కోసం చేసే ఆ లెక్కే తమ ఫోన్లో ఈ బొమ్మను నడుపుతోందని చూపిస్తే పిల్లల ముఖాలు మారతాయి. తరంగాలున్న పాఠాల్లో ఒక సైకిల్‌ను, అంటే 20 మిల్లీ సెకన్లను, 200 ముక్కలు చేసి ఒక్కో ముక్కకూ లెక్క కడుతుంది. తెర మీద ఆ సైకిల్ నాలుగు సెకన్లు సాగుతుంది. ఇంత నెమ్మది చేశామని మూలన రాసి ఉంచాలి, లేకపోతే కరెంటు నిజంగా అంత నింపాదిగా ఊగుతుందనుకుంటారు.

ఫోన్ తెరతో చిన్న చిన్న తంటాలు ఉంటాయి. బొటనవేలు స్లైడరు మీద పెడితే కింద అంకె కనబడదు, కాబట్టి రీడింగు ఎప్పుడూ వేలికి పైన ఉండాలి. మూడు ఫేజుల్లో వై (యెల్లో) ఫేజును పసుపు గీతతో తెల్ల తెర మీద గీస్తే ఎండలో ఏమీ కనిపించదు. అందుకని ముదురు పసుపు వాడి, ఆర్, వై, బీ మూడింటికీ గీతల తీరు కూడా వేరుగా పెట్టాను. రంగులు సరిగ్గా కనబడని పిల్లలకు అది మరీ అవసరం. మీటరు ఎన్ని అంకెలు చూపించాలన్నది కూడా ఆలోచించాల్సిందే. కంప్యూటరు 8.644 అంటుంది. పొలంలో క్లాంప్ మీటరు 8.6 అంటుంది, చెయ్యి కదిలితే 8.5 అంటుంది. పాఠంలో కూడా అలాగే ఊగుతుంది. ల్యాబ్‌లోని మూవింగ్ ఐరన్ మీటరు స్కేలు మొదట్లో ఇరుకుగా ఉంటుంది, తెర మీద కూడా ఇరుకుగానే గీశాను.

అన్నీ సొంతంగా చేసుకోవాల్సిన పని లేదు. పాల్ ఫాల్‌స్టాడ్ సర్క్యూట్ సిమ్యులేటర్ బ్రౌజరులోనే నడుస్తుంది, కరెంటును కదిలే చుక్కలుగా చూపిస్తుంది, ట్రాన్సియెంట్లు (స్విచ్చు వేసిన క్షణంలో వచ్చే తాత్కాలిక మార్పులు) చెప్పడానికి దానికి సాటి నాకు దొరకలేదు. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు మొదటి సంవత్సరం పిల్లలకు చాలు. మన కేంద్ర విద్యాశాఖ వర్చువల్ ల్యాబ్స్‌లో మెషీన్ల ప్రయోగాలు ఉన్నాయి. వాటిని నేను క్లాసులో వాడుతూనే ఉన్నాను. వాటిలో లేనిది మా పిల్లల ఇంటి ముందున్న స్తంభం, పొలంలో స్టార్టరు డబ్బా. వివరణ తెలుగులో, సాంకేతిక పదాలు వాళ్లు పరీక్షలో రాసేవే. తెలుగు మీడియంలో పది చదివి వచ్చిన పిల్లలకు ఆ కలగలుపు హాయిగా ఉంది.

ఇప్పుడు సింగిల్ ఫేజింగ్ పాఠం మీద పని చేస్తున్నాను. తిరుగుతున్న మోటారుకు ఒక ఫేజు పోతే మోటారు ఆగదు, మిగిలిన రెండు తీగల్లో కరెంటు దాదాపు 1.73 రెట్లు అవుతుంది. ఆగి ఉన్న మోటారుకైతే గుయ్యిమని మూలుగు తప్ప కదలిక ఉండదు. ఓవర్‌లోడ్ రిలే (కరెంటు ఎక్కువైతే మోటారును ఆపే పరికరం) ఎంతసేపటికి పడుతుంది, అప్పటికి వైండింగు ఎంత వేడెక్కుతుంది అన్నది చూపించడం కష్టంగా ఉంది, ఎందుకంటే వేడి నిమిషాల్లో నడుస్తుంది, కరెంటు మిల్లీ సెకన్లలో. రెండు గడియారాలు ఒకే తెర మీద పెట్టి చూస్తున్నాను. రిలే సెట్టింగు పెంచేసి నడిపిస్తే ఏమవుతుందో కూడా ఇందులో ఉండాలి, పొలాల్లో జరిగేది అదే కాబట్టి.

డిప్లొమా, ఐటీఐ చెప్పే టీచర్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక సాయం చెయ్యండి. "ఫేజు పోతే మోటారుకు ఏమవుతుంది" అని మీ క్లాసులో అడిగి, పిల్లల పేర్లు లేకుండా వాళ్ల జవాబులు వాళ్ల మాటల్లోనే పంపండి. ఒప్పు జవాబులు నా దగ్గరున్నాయి. నాకు కావలసినవి మిగతావి, వాటి వెనక వాళ్లు చెప్పిన కారణంతో సహా.